చాక్‌పీసు పొడికి బెల్లం

ఆ మంగళవారం బాలప్పకు ఉన్న పనులు రెండే. వానలు పడకముందే ఇంటి మీది గూన పెంకులు సర్దుకోవడం ఒకటి, సర్దాక వాటి కింద కమ్మగా నిద్రపోవడం రెండోది. మంగళవారం వాళ్ళ ఫ్యాక్టరీకి పవర్ హాలిడే. కరెంటు చాలక, పటాన్‌చెరు ఫ్యాక్టరీలకు వారానికో రోజు వంతులవారీగా సరఫరా ఆపేస్తున్న కాలమది. యజమానులు ఆ రోజున తలలు పట్టుకునేవారు. కార్మికులు మాత్రం దేవుడు రెండో ఆదివారం ఇచ్చాడనుకుని పెంకులో, పెళ్ళిచూపులో, ఏదో ఒకటి పెట్టుకునేవారు.

బాలప్ప పంపుల ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఉండేది రుద్రారంలో. యూనియన్ కమిటీలో సభ్యుడు కూడా. మనిషి నెమ్మదస్తుడే కానీ, ఒక్క మాట వింటే మాత్రం చేతిలో పని పక్కన పడేసేవాడు. ఆ మాట 'టెంపరరీ'. పనిలో చేరిన కొత్తలో ఏడాది నిండనీయకుండా కంపెనీ అతన్ని ఇంటికి పంపేసేది. నాలుగు రోజులాగి మళ్ళీ పిలిచి, ముక్కూ మొహం తెలియని వాడిలా పేరు అడిగి రాసుకునేది. అట్లా ఆరేళ్ళ పాటు బాలప్ప ఏటా కొత్త పెళ్ళికొడుకులా గేటు లోపలికి అడుగుపెట్టాడు. చివరికి యూనియన్ కొట్లాడి పర్మినెంట్ చేయించిన రోజున ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా నిద్రపోయాడు. అంత నిద్ర అంతకుముందు ఎప్పుడూ పట్టలేదట.

అతని కూతురు స్వరూప గణితంలో పిహెచ్‌డి చేసింది. లెక్కలు ఎక్కడో ఒకచోట అయిపోతాయని బాలప్ప నమ్మకం. ఎమ్మెస్సీ తర్వాత కూడా బిడ్డ ఇంకో అయిదేళ్ళు చదువుతుంటే, అవి ఇంకా అయిపోలేదా అని ఆశ్చర్యపోయాడే తప్ప అడ్డు చెప్పలేదు. ఇప్పుడు ఆ చదువూ అయింది. పట్నంలోని ఒక విశ్వవిద్యాలయం నుంచి కబురొచ్చింది. స్వరూప అద్దం ముందు నిలబడి, అమ్మ పట్టుచీర కుచ్చిళ్ళకు పిన్ను పెట్టుకుంటోంది.

"ఇంతకూ ఏం నౌకరి బిడ్డా అది?" బాలప్ప నిచ్చెన భుజాన వేసుకుంటూ అడిగాడు.

"పోస్ట్ డాక్టరేట్ అంటరు నాయినా. పిహెచ్‌డి అయినంక చేసే రీసెర్చి."

"పాఠాలు చెప్పాల్నా?"

"వద్దు. లెక్కల మీద ఆలోచన చేసుడే పని."

"మంచిగనే ఉన్నది. పర్మినెంటే గదా?"

"కాదు నాయినా. రెండేండ్లు."

"రెండేండ్లయినంక?"

"ఐపోతది. ఇంకో కాడ సూసుకోవాలె. నాకు బస్సు టైమైంది, ఇయ్యాల పోయి మాట్లాడొస్త." స్వరూప చెప్పులు తొడుక్కుని పరుగు తీసింది. ముడుల గణితం మీద పనిచేసే ప్రొఫెసరు చుట్టుపక్కల అక్కడి విభాగం పెద్ద ఒక్కరే. ఇది రాకపోతే సంగారెడ్డిలో ట్యుటోరియల్ కాలేజీ వాళ్ళు పొద్దున ఒక బ్యాచీ, సాయంత్రం ఒక బ్యాచీ చెప్పమని ఎప్పటి నుంచో ఎదురుచూస్తున్నారు. ఆ మాట తల్చుకుంటేనే ఆమెకు ఏడుపొస్తుంది. ఇదంతా నాయినకు విడమర్చి చెప్పే తీరిక ఆ పొద్దున ఆమెకు లేకపోయింది.

ఇక్కడే మొదటి పొరపాటు జరిగింది. పటాన్‌చెరు లెక్క వేరు. అక్కడ పర్సనెల్ మేనేజరు 'వచ్చి మాట్లాడు' అని కబురు పెట్టాడంటే పని దొరికినట్టే. పని ఇవ్వదలచుకోని మనిషితో మాట్లాడే ఓపిక ఏ మేనేజరుకూ ఉండదు. కాబట్టి బిడ్డకు ఉద్యోగం వచ్చేసిందనీ, అది టెంపరరీ అనీ, ఈ రెండు సంగతులూ ఖాయమని బాలప్ప తేల్చుకుని పైకప్పెక్కాడు.

ఎక్కాడే గానీ చేయి పని మీద లేదు. మూడు పెంకులు సర్ది రెండు పగలగొట్టాడు. కింద రొట్టెలు కాలుస్తున్న భార్య కౌసల్య తల మీద మట్టి రాలింది.

"ఏమయ్యా, ఆ పెంకులు నిన్నేం జేసినయ్?"

"మన పిల్లను టెంపరరీల వెట్టుకున్నరట. ఇరవై ఏండ్లు సదివినంక టెంపరరీ ఏందే?"

"గది సదువుకున్నోళ్ళ ముచ్చట. పోరిని అడగకుంట నువ్వేం జెయ్యకు."

"నేనేం జేస్తనే. జెర నర్సన్నను కలిసొస్త," అని బాలప్ప దిగాడు. నిచ్చెన ఆ రోజంతా గోడకు అట్లాగే ఆని ఉంది.

యూనియన్ సెక్రటరీ నర్సన్న పవర్ హాలిడే నాడు కూడా ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లోనే ఉంటాడు. మూసిన గేటును చూస్తూ చాయ్ తాగితే గానీ ఆయనకు సెలవు సెలవులా అనిపించదు. బాలప్ప చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నాడు.

"నేనొక్కణ్ణే పోయి ఆ సారుతోని మెల్లగ ఒక మాట మాట్లాడొస్తనే," అన్నాడు బాలప్ప.

నర్సన్న కళ్ళు తెరిచాడు. "ఒక్కనివి పోతవా? మేనేజ్‌మెంటుతోని ఒక్కడు మాట్లాడుడు మన యూనియన్ల ఎప్పుడన్న ఉన్నదా? లోపల ఏం మాట్లాడినవో, ఏం తీసుకున్నవో ఎవనికి ఎరుక? పోతే అయిదుగురం పోవాలె. ఉత్త చేతులతోని పోవద్దు, డిమాండ్ల కాయితం ఉండాలె."

"డిమాండ్లు ఏందన్నా, ఉన్నది ఒక్కటే గదా."

"ఒక్కటి అడిగితే అదీ ఇయ్యరు. పది అడగాలె, మూడు పట్టుకోవాలె. నీకు తెల్వనిదా ఇది?"

బాలప్పకు తెలుసు. తెలిసిన పద్ధతి కాబట్టే కాదనలేకపోయాడు. నర్సన్న చాయ్ గ్లాసు పక్కకు జరిపి రాయడం మొదలుపెట్టాడు. ఒకటి, పర్మినెంట్. రెండు, ఏడాదికి రెండు జతల యూనిఫారం. మూడు, నెలకు రెండు బట్టల సబ్బులు. అక్కడిదాకా పెన్ను ఆగకుండా సాగింది. నాలుగో దగ్గర ఆగాడు.

"ఆడ దుమ్ము ఏమన్న ఉంటదా?"

"లెక్కల కాడ దుమ్మేముంటదన్నా. చాక్‌పీసు పొడి ఉంటది అంతే."

"పొడి పొడే గదా." నర్సన్న రాశాడు: చాక్‌పీసు పొడికి రోజుకు వంద గ్రాముల బెల్లం. వాళ్ళ ఇనుము పోతపోసే ఫౌండ్రీ షాపులో దుమ్ములో పనిచేసే వాళ్ళకు, గొంతులో పేరుకున్నది దిగిపోతుందని కంపెనీ రోజూ బెల్లం ముక్క ఇస్తుంది. అది యూనియన్ సాధించిన వాటిలో అన్నింటికన్నా తియ్యటిది.

"నైట్ డ్యూటీ ఉంటదా?"

"డ్యూటీ ఏం లేదు గని, ఇంట్ల నడిరాత్రి లేసి లైటేసి రాసుకుంటది."

"ఇంకేంది మరి. నైట్ అలవెన్సు." నర్సన్న అదీ రాశాడు. పది పూర్తయ్యేసరికి ఆ కాగితం గణితశాస్త్ర విభాగాన్ని మంచి ఫ్యాక్టరీలా మార్చేసింది.

పోవలసింది అయిదుగురే. కానీ కంపెనీ సరుకు తోలే పోచయ్య డిసిఎం వ్యాను కరెంటు లేక సరుకు లేక అక్కడే ఎండలో నిలబడి ఉంది. అంత బండిలో అయిదుగురు కూర్చుంటే నర్సన్నకు అన్యాయంలా తోచింది. హోటల్లో ఖాళీగా కూర్చున్న వాళ్ళందరినీ ఎక్కమన్నాడు. పటాన్‌చెరు చౌరస్తాలో, పవర్ హాలిడే మూలంగా ఏం చేయాలో తోచక నిలబడ్డ ఇంకో ఫ్యాక్టరీ వాళ్ళు ఎక్కారు. మేడే నాడు కట్టి విప్పని జెండాలు ఎట్లాగూ బండిలోనే ఉన్నాయి.

బాలప్పా, నర్సన్నా ముందు క్యాబిన్‌లో కూర్చున్నారు. వెనక ఏం జరుగుతున్నదో వాళ్ళకు తెలియదు. చౌరస్తాలో ఎక్కినవాడు ఏమైందని అడిగితే, బాలప్ప బిడ్డను టెంపరరీలో పెట్టుకున్నారని చెప్పారు. రామచంద్రాపురంలో ఎక్కినవాడికి, తీసేస్తారట అని చెప్పారు. లింగంపల్లి వచ్చేసరికి తీసేశారట. అక్కడ వ్యాను వెనక కడ్డీ పట్టుకుని వేలాడిన బీహార్ కార్మికుడొకడు "కిస్కో నికాలా భాయ్?" అని అడిగాడు. లోపలి నుంచి ఎవరో "సబ్‌కో" అన్నారు. అందర్నీ తీసేశారని విన్నాక అతడు ఒక జెండా అందుకున్నాడు.

విశ్వవిద్యాలయం గేటు దగ్గర కాపలా మనిషి ఎల్లయ్య లాఠీ అడ్డం పెట్టి వ్యానును ఆపాడు. నర్సన్న కిటికీలోంచి తల బయటపెట్టి అతన్ని పైనుంచి కిందికి చూశాడు.

"తమ్మీ, నీది పర్మినెంటా?"

పదకొండేళ్ళుగా ఆ గేటు దగ్గర నిలబడుతున్నా ఎల్లయ్యను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. అందరూ దారే అడిగేవాళ్ళు. అతను లాఠీ దించాడు. తర్వాత గేటు బార్లా తెరిచి, "కాదన్నా, కంట్రాక్టు," అంటూ వ్యాను ముందు నడిచాడు. మొక్కలకు నీళ్ళు పడుతున్న తోటమాలులు ఎల్లయ్యను చూసి పైపులు అట్లాగే వదిలేసి వచ్చారు. హాస్టల్ మెస్సు వాళ్ళు తోటమాలులను చూసి వచ్చారు. వాళ్ళందరి తరఫునా, గణిత విభాగం ఊడ్చే ముత్యమ్మ చీపురు చంకన పెట్టుకుని, ఎటు పోవాలో దారి చూపించింది.

"స్వరూప మేడమా? ఎరుకే. లైబ్రరీ పుస్తకాలకు వస్తుండె గదా. మంచి పిల్ల. ఆ పిల్లనే తీసేసిన్రా?" అన్నది.

"తీసేసుడేంది?" అన్నాడు బాలప్ప కంగారుగా. అప్పటికే అతని మాట వినే స్థితిలో అక్కడ ఎవరూ లేరు. వెనక్కి తిరిగి చూస్తే జనం వంద దాటిపోయారు. ఒక మాట మెల్లగా మాట్లాడి వద్దామని బయల్దేరిన మనిషి వాళ్ళను లెక్కపెట్టడం మానేశాడు.

గణిత విభాగం కిటికీ తెరిచే ఉంది. లోపల స్వరూప నల్లబల్ల ముందు నిలబడి చిక్కుపడ్డ దారంలాంటి బొమ్మ గీస్తోంది. ఎదురుగా కోట్లు వేసుకున్న పెద్దమనుషులు నలుగురు కూర్చుని వింటున్నారు. బిడ్డ ఇంగ్లీషులో తడుముకోకుండా మాట్లాడుతుంటే బాలప్ప అన్నీ మరిచిపోయి నిలబడ్డాడు. తన ఇంట్లో మజ్జిగలో ఉప్పు ఎక్కువైందని అలిగే పిల్ల ఈ పిల్లేనా అనుకున్నాడు. ఆ సంతోషం నిండా నిమిషం కూడా ఉండలేదు. వెనక నుంచి వందమంది ఒక్కసారి "స్వరూపకు న్యాయం చేయాలి" అన్నారు.

లోపల చాక్‌పీసు విరిగింది. స్వరూప కిటికీలోంచి చూసింది. మొదట జెండాలు కనిపించాయి, తర్వాత తన పేరు వినిపించింది, చివరికి ఒక జెండా కింద నాయిన కనిపించాడు.

విభాగం పెద్ద చంద్రమౌళి సారు బయటికి వచ్చాడు. సన్నగా, గట్టిగా గాలి వీస్తే ఇబ్బంది పడేలా ఉంటాడు. అయిదుగురిని తన గదిలోకి పిలిచి కూర్చోబెట్టి, కాగితం ఇవ్వమన్నాడు. ఇవ్వడం పద్ధతి కాదని నర్సన్నే నిలబడి చదివాడు. పర్మినెంట్ అన్న మాటకు సారు తల పట్టుకున్నాడు. యూనిఫారం అన్న మాటకు తల ఎత్తాడు. బెల్లం దగ్గరికి వచ్చేసరికి తన వేళ్ళకంటిన తెల్ల పొడి వైపు చూసుకున్నాడు.

"ముప్పై ఏళ్ళుగా ఈ పొడి పీలుస్తున్నాను. నాకెవరూ బెల్లం ఇవ్వలేదండీ," అన్నాడు. ఆ గొంతులో కొంచెం బాధ కూడా ఉంది.

"అడగాలె సారు, అడగంది ఎవరిస్తరు," అన్నాడు నర్సన్న దయగా. "ముందుగాల పర్మినెంట్ సంగతి చెప్పున్రి."

"అది పర్మినెంట్ చేసే ఉద్యోగం కాదండీ. ఒక ప్రశ్న తీసుకుని రెండేళ్ళు దాని మీద పని చేస్తారు. తర్వాత ఇంకో చోటికి వెళ్ళి ఇంకొకరి దగ్గర నేర్చుకుంటారు. నేనూ మూడు ఊళ్ళలో చేశాను."

"రెండేండ్లల్ల ప్రొడక్షన్ ఎంత తియ్యాలె?"

"ఒక సిద్ధాంతం తేలితే చాలు."

"నెలకొకటా?"

"మొత్తానికి ఒకటి. తేలకపోయినా ఏమీ అనం."

నర్సన్న కూర్చున్నాడు. "టైమాఫీసుల కార్డు కొట్టాల్నా?"

"అక్కర్లేదు. ఎప్పుడైనా రావచ్చు. చెట్టు కింద కూర్చుని ఆలోచించుకున్నా పనే."

"సూపర్‌వైజర్ ఎవలు?"

"నేనే. నాకూ తెలియని విషయం కాబట్టి నేను పెద్దగా ఏమీ చెప్పలేను."

నర్సన్న జీవితంలో వంద చర్చల్లో కూర్చున్నాడు. మేనేజ్‌మెంటు ఏం చెప్పినా దానికి జవాబు ఆయన దగ్గర ఉంటుంది. టార్గెట్టు లేదు, కార్డు లేదు, సూపర్‌వైజరుకు పని తెలియదు అనే మేనేజ్‌మెంటు ఎదురుపడటం ఇదే మొదటిసారి. బాలప్ప వైపు తిరిగి, "ఇట్లాంటి డ్యూటీ నాకు ముందుగాల ఎందుకు చెప్పలేదు?" అని గుసగుసగా అడిగాడు.

"అయినా సారు," అన్నాడు బాలప్ప గొంతు సవరించుకుని, "తీసుకున్న పిల్లను రెండేండ్లకు ఇంటికి పంపుడు..."

"ఎవరిని తీసుకున్నామండీ?"

"మా స్వరూపను."

"ఆమెను ఇంకా తీసుకోలేదు," అన్నాడు చంద్రమౌళి. "ఇవాళ ఇంటర్వ్యూ. ఒక్క పోస్టుకు అయిదుగురు వచ్చారు. ఆమె మూడో మనిషి. ఉపన్యాసం సగంలో ఉండగా మీరొచ్చారు."

నర్సన్న బాలప్పను చూశాడు. మిగతా ముగ్గురూ నర్సన్నను చూశారు. ఇంకా రాని ఉద్యోగాన్ని పర్మినెంట్ చేయమని వందమందిని పోగేసుకొచ్చిన కార్మిక నాయకులు ఆ పారిశ్రామిక వాడలో అంతకుముందు లేరు. బాలప్పకు ఆ లెక్క తట్టలేదు. తన చేతులతో తన బిడ్డ ముద్దను నేలపాలు చేశానన్న ఒక్క సంగతే తట్టింది.

స్వరూప గుమ్మంలో నిలబడి ఉంది. గట్టిగా అరిచినా అతనికి కొంత నయంగా ఉండేది. "ఏంది నాయినా ఇది?" అని మెల్లగా అడిగింది.

"తప్పయింది బిడ్డా," అన్నాడు బాలప్ప. లేచి చంద్రమౌళికి రెండు చేతులూ జోడించాడు. "సారు, గీ కాయితం నా పని. ఆ పిల్లకు ఏం ఎరుకలేదు. ఏమన్న జేస్తే నన్ను జెయ్యున్రి. మా అందర్నీ ఇప్పుడే తోలుకపోత."

"ఎట్ల తోలుకపోతవ్?" అన్నాడు నర్సన్న. ఆయన కష్టం ఆయనది. బయట వందమంది ఎండలో నిలబడి ఉన్నారు. ఒక్క సంతకం లేకుండా బయటికి వచ్చిన సెక్రటరీని జనం ఏమంటారో ఆయనకు బాగా తెలుసు.

అప్పుడే రిజిస్ట్రారు చెమటలు కక్కుతూ వచ్చిపడ్డాడు. గేటు దగ్గర కాపలా లేదు, తోటలో నీళ్ళు ఏరై పారుతున్నాయి, మెస్సులో పప్పు మాడిపోయింది. ఆయనకు ఒక్కటే అర్థమైంది. నాలుగేళ్ళుగా తన బీరువాలో నిద్రపోతున్న, కంట్రాక్టు మనుషులను పర్మినెంట్ చేసే ఫైలు లేచి నడిచి వచ్చింది. "మాట్లాడుకుందాం, అన్నీ మాట్లాడుకుందాం," అన్నాడు కూర్చోకముందే.

గుమ్మం పక్కన చీపురుతో నిలబడి అంతా విన్న ముత్యమ్మ లోపలికి తొంగిచూసింది.

"అన్నా, కాయితం ఎట్లనో రాసిన్రు. మేడం పేరు కొట్టేసి మా పేర్లు రాయరాదే."

నర్సన్న కాగితాన్ని మళ్ళీ మొదటి నుంచి చూసుకున్నాడు. పర్మినెంట్, యూనిఫారం, సబ్బు, పొడికి బెల్లం, నైట్ అలవెన్సు. పేరు తప్ప ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. ప్రొఫెసర్లకు అతకని డిమాండ్లన్నీ ఊడ్చేవాళ్ళకూ కాపలా కాసేవాళ్ళకూ కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. స్వరూప పేరు మీద అడ్డంగా గీత గీసి గొంతు సవరించుకున్నాడు. అరగంటలో రిజిస్ట్రారు మూడింటికి ఒప్పుకుని సంతకం పెట్టాడు. ఫైలు వచ్చే సమావేశంలోనే పెడతారు. యూనిఫారం వచ్చే నెల నుంచే ఇస్తారు. బెల్లం దగ్గర మాత్రం రిజిస్ట్రారు గట్టిగా నిలబడి, వంద గ్రాములను యాభైకి దించాడు.

"అది బోధనా సిబ్బందికి కూడా వర్తిస్తుందా?" అని చంద్రమౌళి మెల్లగా అడిగాడు. వర్తించదని రిజిస్ట్రారు చెప్పాడు.

గొడవ అయిపోయింది. ఇంటర్వ్యూ మాత్రం మిగిలింది. బాలప్ప భయమంతా ఇంటర్వ్యూ చేసే నలుగురిలో కలకత్తా నుంచి వచ్చిన నిపుణుడి మీదే. అందరికంటే పెద్దాయన, నిర్ణయం ఆయనదే. వెళ్ళి చూస్తే ఆయన కుర్చీలోంచి కదలనే లేదు. రెండో చాయ్ తెప్పించుకుని కిటికీలోంచి జెండాలు చూస్తున్నాడు. తమ ఊళ్ళో బయట ఊరేగింపు లేకుండా ఒక్క ఉపన్యాసమైనా జరగదనీ, పొద్దుటి నుంచి ఈ నిశ్శబ్దం తనకేదో వెలితిగా ఉందనీ చంద్రమౌళితో అన్నాడు. ఎండగా ఉంది, వాళ్ళనూ లోపలికి రమ్మనండి అని కూడా చెప్పాడు.

పట్టినంత మంది లోపలికి వచ్చి వెనక బెంచీల మీద బుద్ధిగా కూర్చున్నారు. బాలప్ప తలుపు పక్కన నిలబడ్డాడు. కూర్చునే ధైర్యం లేదు. స్వరూప కొత్త చాక్‌పీసు తీసుకుంది. మొదటి బొమ్మ గీసి తుడిపేసింది. రెండో బొమ్మకు కుదురుకుంది. తాడు రెండు కొసలూ కలిపి అతికించేసిన తర్వాత, మధ్యలో పడ్డ చిక్కును విప్పగలమా లేదా అన్నది ఆమె చదువు. ఈ సంగతి బొమ్మ చూస్తే వెనక బెంచీలకు కూడా తెలిసిపోయింది. కలకత్తా ఆయన లేచి, బల్ల మీద తనే ఒక పెద్ద చిక్కు గీశాడు. ఇది విడుతుందా అని అడిగాడు.

స్వరూప దాన్ని చాలాసేపు చూసింది. బిడ్డకు జవాబు తెలియదని బాలప్ప ఆమె వీపు చూసే కనిపెట్టాడు.

"కోస్తే ఊడుతది," అన్నాడు వెనక నుంచి డ్రైవర్ పోచయ్య, సాయం చేద్దామని.

గదంతా నవ్వింది. స్వరూప కూడా నవ్వింది. "కొయ్యొద్దే పోచయ్య మామా. కొయ్యకుండ ఇప్పాలె, గదే రూలు."

"అయితే రెండేండ్లు పడ్తది," అన్నాడు పోచయ్య బొమ్మను ఇంకోసారి చూసి.

స్వరూప కలకత్తా ఆయన వైపు తిరిగి ఆ రెండు మాటలూ ఇంగ్లీషులో చెప్పింది. తర్వాత తన జవాబు చెప్పింది. తనకు తెలియదు. రెండు దారులు తోస్తున్నాయి, రెండూ ఇదిగో ఈ మలుపు దగ్గర ఆగిపోతాయి. ఎందుకు ఆగుతాయో చూపించగలదు. రెండేళ్ళిస్తే ప్రయత్నిస్తుంది, అప్పటికీ తేలకపోవచ్చు. ఇంగ్లీషు రాకపోయినా, తెలియదన్న మాట తల తిప్పిన తీరులోనే బాలప్పకు అర్థమైంది. ఏ కంపెనీలో అయినా మేనేజరు ముందు తెలియదన్నవాడిని సాయంత్రం దాకా కూడా ఉంచరు. అతను గోడకు ఆనుకున్నాడు.

సాయంత్రం చంద్రమౌళి వరండాలోకి వచ్చాడు. పోస్టుకు వచ్చిన అయిదుగురినీ అదే చిక్కు అడిగితే, నలుగురు తేలికగా విడుతుందని చెప్పారట. అది కలకత్తా ఆయనే ఇరవై ఏళ్ళుగా విప్పలేకపోతున్న చిక్కు. "స్వరూపను తీసుకున్నాం," అని, నర్సన్న వైపు భయం భయంగా చూసి, "రెండేళ్ళు. టెంపరరీ," అన్నాడు.

"మా యూనియన్‌కు అభ్యంతరం లేదు సారు," అన్నాడు నర్సన్న గంభీరంగా.

తిరుగు ప్రయాణంలో స్వరూప క్యాబిన్‌లో తండ్రి పక్కన కూర్చుంది. రామచంద్రాపురం దాటాక బాలప్ప నోరు విప్పాడు.

"కోపమొచ్చిందా బిడ్డా?"

"మస్తు వచ్చింది."

"ఇప్పుడు?"

స్వరూప చీర మీది చాక్‌పీసు పొడి దులుపుకుంది. "నా పేరు మీద అంతమంది నినాదమిచ్చిన్రు నాయినా. చాక్‌పీసు ఇరిగింది గని, జెర మంచిగనే అనిపిచ్చింది. ఇంకోసారి మాత్రం రాకు." బాలప్ప రానన్నాడు. అతనికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. పోచయ్య చూడకుండా తువాలుతో మొహం తుడుచుకున్నాడు.

ఆ ఏడాది తిరక్కుండానే ముత్యమ్మ, ఎల్లయ్య, తోటమాలులు పర్మినెంట్ అయ్యారు. అది జరిగిన మరుసటి నెలలో ఒక రోజు చాయ్ హోటల్లో కొత్తగా చేరిన కార్మికుడొకడు, మీ బిడ్డది ఏం నౌకరి, పర్మినెంటేనా అని బాలప్పను అడిగాడు. బాలప్ప గ్లాసు కింద పెట్టి, నలుగురూ వినేలా గొంతు పెంచాడు.

"టెంపరరీ. పర్మినెంట్ నౌకరి ఎవలికైన దొర్కుతది తమ్మీ. గసొంటి టెంపరరీ దొర్కాల్నంటే ఇరవై ఏండ్లు సదవాలె."

ఈ మాట మేనేజ్‌మెంటు చెవిన ఎంతమాత్రమూ పడనీయరాదని యూనియన్ కమిటీ ఆ సాయంత్రమే అత్యవసరంగా కూర్చుని తీర్మానం చేసింది.